ఫ్లిండర్స్, పామ్ వ్యాలీ, బంగిల్ బంగిల్, సింప్సన్: మీ బండికి ఏది, మీ ఇంట్లోవాళ్లకు ఏది?

ఆస్ట్రేలియా వచ్చి నాలుగైదేళ్లయ్యి, పీఆర్ వచ్చి, ఇల్లు కొని, ఇంటి ముందు ఒక ఎస్‌యూవీ నిలబెట్టాక మనవాళ్లలో చాలామందికి ఒకటే కోరిక పుడుతుంది: ఈసారి గ్రేట్ ఓషన్ రోడ్డు వద్దు, అసలైన అవుట్‌బ్యాక్ చూడాలి, ఎర్రమట్టి, దుమ్ము, రాత్రయితే నక్షత్రాలు. అక్కణ్ణుంచి ఫోన్‌లో ఫొటోలు చూడ్డం మొదలు, ఏ ఫొటో బాగుంటే ఆ పార్కుకు టికెట్లు. నేనూ అలాగే మొదలుపెట్టి రెండుసార్లు దెబ్బతిన్నాను. అడిలైడ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, ఇప్పుడు ఎవరైనా "ఏ పార్కు బాగుంటుంది?" అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: తారు రోడ్డు దిగాక చివరి ముక్క ఎలా ఉంది? మిగతా వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు ఓపిక ఉన్న ఎవరైనా తోలేస్తారు. మీ బండి పనికొస్తుందా, అద్దె బండివాళ్లు ఒప్పుకుంటారా, అమ్మానాన్నల్ని ఎక్కించుకోవచ్చా, ఎన్ని లీటర్ల డీజిల్ మోయాలి, ఇవన్నీ తేల్చేది ఆ చివరి ముక్కే.

నేను చూసినవి నాలుగు. సౌత్ ఆస్ట్రేలియాలో ఇకారా-ఫ్లిండర్స్ రేంజెస్. ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఫింక్ గార్జ్, అంటే అందరూ పామ్ వ్యాలీ అనేది. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో పుర్నులులు, అవే బంగిల్ బంగిల్ కొండలు. నాలుగోది ముంగ-థిర్రి-సింప్సన్ ఎడారి, దీన్ని మాత్రం అంచు దాకా వెళ్లి చూశాను, దాటలేదు, ఎందుకు దాటలేదో కింద చెప్తాను.

ముందు మీ బండి సంగతి

మన ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే ఆర్‌ఏవీ4, ఫారెస్టర్, సీఎక్స్-5 లాంటివి మహా అయితే ఆల్ వీల్ డ్రైవ్ బళ్లు. వెనక "ఏడబ్ల్యూడీ" అని బ్యాడ్జి ఉంటుంది కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ అనే అనుకుంటాం. నాలుగు చక్రాలూ తిరగడం ఒకటి, లో రేంజ్ గేర్ ఉండటం ఇంకోటి. లో రేంజ్ అంటే బండి నడక వేగంతో పోతూనే పూర్తి బలంతో లాగడం, మెత్తటి ఇసుకలో, పెద్ద రాళ్ల మెట్ల మీద అదే కావాలి. దానితోపాటు కింద ఎత్తు, అంటే గ్రౌండ్ క్లియరెన్స్. ప్రాడో, ల్యాండ్ క్రూయిజర్, నిస్సాన్ పట్రోల్, హైలక్స్ 4x4 లాంటి వాటికి ఈ రెండూ ఉంటాయి. పార్కు బోర్డు మీద "హై క్లియరెన్స్ ఫోర్ వీల్ డ్రైవ్ మాత్రమే" అని రాశారంటే మీ ఫారెస్టర్‌ను ఉద్దేశించి రాసినట్టే లెక్క. "మా ఫ్రెండ్ ఆర్‌ఏవీ4 లో వెళ్లొచ్చాడు" అని ఎవరో ఒకరు ఎప్పుడూ చెప్తారు. వెళ్లే ఉంటాడు, ఆ వారం ఇసుక గట్టిగా ఉండి ఉంటుంది.

బండి కన్నా ముందు నేర్చుకోవాల్సింది టైర్లలో గాలి తీయడం. తారు మీద 38 పీఎస్‌ఐ ఉంటే కంకర రోడ్డుకు 28, మెత్తటి ఇసుకకు 18 దాకా దించుతారు. గాలి తీస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, ఒంటె పాదం లాగా, అందుకే ఇసుకలో దిగదు. అలా దించాక వేగంగా తోలకూడదు, 18 మీద 40 దాటితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ కొట్టుకోవాలి, అంటే గాలి ఎంతుందో చూసే గేజ్, గాలి కొట్టే చిన్న కంప్రెసర్ మీ దగ్గరే ఉండాలి. ఈ రెండూ లేకుండా వెళ్లిన కథ ఇప్పుడు చెప్తాను.

పామ్ వ్యాలీ: పదహారు కిలోమీటర్ల ఏటి ఇసుక

ఉలూరు చూడ్డానికి వెళ్లే తెలుగు కుటుంబాలు లెక్కలేనన్ని. ఉలూరుకు అంతా తారు రోడ్డే, చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో వెళ్లొచ్చు. అదే ట్రిప్పులో ఆలిస్ స్ప్రింగ్స్‌లో రెండు రోజులు అదనంగా పెట్టుకుంటే పామ్ వ్యాలీ అయిపోతుంది. ఆలిస్ నుంచి పడమరగా 138 కిలోమీటర్లు. హర్మన్స్‌బర్గ్ దాకా తారు. ఇది 1877లో జర్మన్ లూథరన్ మిషనరీలు పెట్టిన ఊరు, చిత్రకారుడు ఆల్బర్ట్ నమట్జిరా 1902లో పుట్టింది ఇక్కడే. ఆగండి, చూడండి, టీ తాగండి. ఎందుకంటే ఆ తర్వాత ఉన్న 16 కిలోమీటర్లు రోడ్డు కాదు, ఫింక్ నది ఇసుకే. ఏరు ఎండి ఉంటే దాని కడుపులోంచే దారి.

మేం వెళ్లింది జూలైలో, అమ్మానాన్న అనంతపురం నుంచి వచ్చినప్పుడు. ఆలిస్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ అద్దెకు తీసుకున్నాను, బండి ఇచ్చినచోట గేజ్, కంప్రెసర్ అడిగితే "పామ్ వ్యాలీకా, అవసరం రాదు" అన్నారు. నేనూ సరే అన్నాను, తప్పు సగం నాదే. ఏట్లో దిగి నాలుగైదు కిలోమీటర్లు బాగానే పోయాం. ఒక మలుపులో ఎదురుగా బండి వస్తే మర్యాదకు పక్కకు తీసి ఆపాను. మెత్తటి ఇసుకలో ఆపకూడదని అప్పుడు తెలీదు. మళ్లీ కదిలిద్దామని ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ గట్టిగా అరిచింది, బండి మాత్రం అడుగు ముందుకు రాలేదు, వెనక చక్రాలు ఇంకో జానెడు దిగాయి.

వెనక సీట్లోంచి నాన్న: "తొక్కద్దురా. తొక్కేకొద్దీ దిగబడుతుంది."

ఆయన దిగి, ప్యాంటు మడిచి, మోకాళ్ల మీద కూర్చుని చేతుల్తో చక్రాల ముందున్న ఇసుక తోడటం మొదలుపెట్టారు. "చిత్రావతిలో శనక్కాయల బండి దిగబడితే ఎద్దుల్ని కొడితే వస్తుందా? చక్రం ముందర ఇసుక తియ్యాల." డెబ్బయ్యేళ్ల మనిషి సెంట్రల్ ఆస్ట్రేలియాలో, ఎండిపోయిన ఏట్లో, తన ఊరి ఏరు ఎలా దాటేవాళ్లో చెప్తూ ఇసుక తోడుతున్నారు. ఇంతలో వెనక వస్తున్న క్వీన్స్‌లాండ్ ముసలి జంట ఒకరు ఆగి, గేజ్ ఇచ్చి, నాలుగు టైర్లూ 18కి దించమన్నారు. వాల్వ్ నొక్కితే ఒక్కో టైరుకు రెండు మూడు నిమిషాలు బుస్సుమని గాలి పోతూనే ఉంది, మా అమ్మ అది చూసి "కొన్న గాలి కాదు కదా" అని నవ్వడం. లో రేంజ్, రెండో గేరు, మెల్లగా. ఏమీ కానట్టు బయటికొచ్చేసింది. తిరిగి వచ్చేటప్పుడు హర్మన్స్‌బర్గ్ బంకు దాకా గంటకు 40 మీద పాక్కుంటూ వచ్చి అక్కడ గాలి కొట్టించుకున్నాం.

ఇంతకీ అక్కడ ఏముంది అంటే తాటిచెట్లు. నిజం. అమ్మ మొదటి మాట కూడా అదే: "ఏమ్రా, తాటిచెట్లు చూడ్డానికా ఇంత దూరం?" మన తాటి కన్నా సన్నం, విసనకర్ర ఆకులు, రెడ్ క్యాబేజ్ పామ్ అంటారు, మూడు వేల దాకా పెద్ద చెట్లు ఈ లోయ చుట్టుపక్కల మాత్రమే ఉన్నాయి, చుట్టూ వందల కిలోమీటర్ల ఎడారి. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా తడిగా ఉన్న కాలంనాటి మిగులు అని చాలాకాలం అనుకున్నారు. 2012లో డీఎన్ఏ చూస్తే కథ తిరగబడింది: ఉత్తరాన వెయ్యి కిలోమీటర్ల దూరంలో మటరాంకా దగ్గర ఉన్న చెట్లకూ వీటికీ తేడా దాదాపు లేదు, విడిపోయి పదిహేను వేల ఏళ్లే. అంటే విత్తనాలు ఎవరో మోసుకొచ్చి ఉండాలి. తమాషా ఏంటంటే, ఉత్తరం నుంచి దేవుళ్లు ఈ విత్తనాలు తెచ్చారని ఇక్కడి అరంటే ప్రజలు చెప్పుకునే కథను జర్మన్ పాస్టర్ కార్ల్ స్ట్రెలో 1894లోనే రాసిపెట్టాడు. సైన్సు అక్కడికి చేరడానికి ఇంకో నూటఇరవై ఏళ్లు దగ్గర దగ్గర పట్టింది. ఇది అమ్మకు చెప్తే "మరి, పెద్దలు ఊరికే చెప్తారా" అంది.

క్యాంపు నుంచి లోయ దాకా ఆఖరి నాలుగు కిలోమీటర్లు ఇసుక కాదు, రాతి మెట్లు. అక్కడ లో రేంజ్ లేని బండి కింద చాసిస్ కొట్టుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఈ నాలుగూ నడవలేరు, బండి పోవాల్సిందే, లేదంటే ఆలిస్ నుంచి టూర్ ట్రక్కు ఎక్కించండి. రెండు గంటలు ఊగినా పర్లేదంటే అదే నిశ్చింత.

ఒక రోజులో వెళ్లి రావచ్చు కాబట్టి, వర్షం పడితే మానుకోవచ్చు కాబట్టి, నాలుగింట్లో "నిజమైన ఫోర్ వీల్ డ్రైవింగ్ రుచి చూద్దాం" అనేవాళ్లకు నా ఓటు దీనికే. నార్తర్న్ టెరిటరీ బయటివాళ్లు పార్క్స్ పాస్ తీసుకోవాలి, ఆన్‌లైన్‌లోనే. జూలై రాత్రులు మాత్రం టెంట్‌లో పళ్లు కొరుక్కునే చలి, ఎడారి కదా అని పల్చటి దుప్పట్లతో వెళ్లకండి.

ఫ్లిండర్స్: ఆల్ వీల్ డ్రైవ్‌తో సరిపెట్టుకునే చోటు

సరిపెట్టుకునే చోటు అన్నాను గానీ చిన్నచూపేం లేదు. అడిలైడ్ నుంచి ఉత్తరానికి 430 కిలోమీటర్లు, విల్పీనా దాకా తారు. ఇకారా అంటే అక్కడి అద్న్యమతన్హ భాషలో కలుసుకునే చోటు అని అర్థం, 2016లో ఆ పేరు పార్కు పేరులో చేర్చారు. విల్పీనా పౌండ్ అంటే పెద్ద గిన్నె బోర్లించకుండా వెల్లకిలా పెట్టినట్టు చుట్టూ కొండల గోడ, మధ్యలో అడవి.

ఇక్కడ చివరి ముక్క అంటే బ్రాకినా గార్జ్ రోడ్డు, 20 కిలోమీటర్ల కంకర, మధ్యమధ్యలో వాగు రాళ్ల మీదుగా దాటడం. వర్షం లేనప్పుడు నా పాత ఫారెస్టర్‌లో రెండుసార్లు తిరిగాను, నిదానంగా. దారి పక్క బోర్డులు పెట్టారు, ఇక్కడి రాయి ఇన్ని కోట్ల ఏళ్లది, ఆ తర్వాతది ఇన్ని కోట్లది అని, కారు ముందుకెళ్లేకొద్దీ భూమి వయసులో వెనక్కో ముందుకో పోతుంటాం. జంతువులు మొదటిసారి పెద్ద ఒళ్లుతో కనిపించిన కాలానికి 2004లో ఎడియాకరన్ అని పేరు పెట్టింది ఈ కొండల పేరుమీదే, ఆ కాలం ఇక్కడ మొదలైంది అని గుర్తుగా కొట్టిన కంచు బిళ్ల కూడా దగ్గర్లోని ఎనోరమా క్రీక్‌లో ఉంది. మా పదేళ్ల పిల్లాడికి అదేం పట్టలేదు, వాడు బండల మీద ఎగిరే చారల తోక వాలబీల్ని లెక్కపెట్టాడు, పదిహేడు.

సెయింట్ మేరీ పీక్ 1,171 మీటర్లు, శిఖరం దాకా ఎక్కవద్దని అద్న్యమతన్హ పెద్దలు కోరుతున్నారు, కింద తండెర్రా శాడిల్ దాకా ఆగిపోతే చాలు, చూపు అక్కణ్ణుంచే బాగుంటుంది.

చిన్నపిల్లలు, మొదటిసారి క్యాంపింగ్, మూడు రోజుల సెలవు, సొంత ఎస్‌యూవీ ఉంటే ఇంకేం ఆలోచించకుండా ఇక్కడికి వెళ్లండి. లోటు ఒక్కటే: స్కూలు సెలవుల్లో విల్పీనా క్యాంపు నిండా మనుషులు, అవుట్‌బ్యాక్‌కి వచ్చామా, ఎగ్జిబిషన్‌కి వచ్చామా అనిపిస్తుంది. అప్పుడు పార్కు లోపలి చిన్న క్యాంపులు చూసుకోండి, నీళ్లు మీరే మోసుకెళ్లాలి. చీకటి పడ్డాక మాత్రం కారు తీయకండి, సాయంత్రం వేళ రోడ్డు కంగారూలది, ఈమూలది.

బంగిల్ బంగిల్: 53 కిలోమీటర్లు, రెండున్నర గంటలు

నాలుగింట్లో నా మనసులో నిలిచిపోయింది ఇదే, కానీ అందరికీ చెప్పను.

తేనెపట్టుల్లాంటి కొండలు, ఒకదాని పక్కన ఒకటి వందల కొద్దీ, ఒక్కోటీ నారింజ రంగు చార, నల్ల చార, మళ్లీ నారింజ. తేమ నిలిచే పొరల్లో సయనోబాక్టీరియా పెరిగి నల్లగా, తొందరగా ఆరిపోయే పొరలు ఇనుము తుప్పు పట్టి నారింజగా. దీన్ని 1983 దాకా బయటి ప్రపంచం పట్టించుకోనేలేదు, అక్కడి ఆదివాసులకు, పశువుల కాపర్లకు తప్ప. 1987లో నేషనల్ పార్కు అయింది, 2003లో వరల్డ్ హెరిటేజ్.

అక్కడికి చేరడం మాత్రం పెద్ద పని. మేం డార్విన్‌కి ఎగిరి, అక్కడ బండి అద్దెకు తీసుకుని, కునునుర్రా దాకా 830 కిలోమీటర్లు తోలాం. వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దులో క్వారంటైన్ చెక్‌పోస్టు ఉంటుంది: పళ్లు, పచ్చికూరలు, తేనె అన్నీ తీసేసుకుంటారు. మా ఆవిడ కేథరిన్‌లో కొన్న టమాటాలు, పచ్చిమిరపకాయలు, ఒక కిలో ఉల్లిపాయలు అక్కడే చెత్తడబ్బాలో పడ్డాయి. కూరగాయలు కునునుర్రాలోనే కొనండి. కరివేపాకు దాచిపెట్టే పని పెట్టుకోకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. గడియారం కూడా గంటన్నర వెనక్కి తిప్పాలి, మేం మర్చిపోయి తెల్లవారుజామునే లేచి కూర్చున్నాం.

కునునుర్రా నుంచి దక్షిణానికి గ్రేట్ నార్తర్న్ హైవే మీద 250 కిలోమీటర్లు వెళ్తే ఎడమవైపు స్ప్రింగ్ క్రీక్ ట్రాక్. విజిటర్ సెంటర్ దాకా 53 కిలోమీటర్లు. 53 ఎంత, ముప్పావుగంట అనుకున్నాను. రెండున్నర గంటలు పట్టింది. రోడ్డంతా రేకుల షెడ్డు కప్పు మీద తోలినట్టు అడ్డగట్లు, వీటినే ఇక్కడ కారుగేషన్లు అంటారు, వాటి మధ్యలో వాగులు, వాగుల మధ్యలో గుడ్డి మలుపులు. డాష్‌బోర్డు స్క్రూలు, కిటికీలు, పళ్లు అన్నీ కలిసి దడదడ. వెనక డబ్బాలో ఉన్న ఆవకాయ సీసా మూత ఆ అదురుకే మెల్లగా తిరిగి వదులైపోయి, నూనె మొత్తం మా పిల్లాడి స్లీపింగ్ బ్యాగ్‌లోకి దిగింది. మూడు రాత్రులు వాడు ఆవకాయ వాసనలో పడుకున్నాడు. ఇప్పటికీ ఆ బ్యాగ్ ఎండలో పెడితే వాసన వస్తుంది. సీసాలకు టేపు చుట్టండి, నూనెవైతే ఒక ప్లాస్టిక్ కవరు, దానిమీద ఇంకో కవరు.

ఈ రోడ్డులో క్యారవాన్లు రానివ్వరు, ఒకే ఇరుసున్న ఆఫ్‌రోడ్ ట్రైలర్ అయితే సరే. పార్కు వానాకాలంలో మూసేస్తారు, మామూలుగా ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా తెరిచి ఉంటుంది, అయితే తెరిచే తేదీ వానల్ని బట్టి మారుతుంది కాబట్టి ఏప్రిల్ మొదటివారానికి టికెట్లు బుక్ చేయకండి. జూన్, జూలై, ఆగస్టు హాయి.

లోపల రెండు క్యాంపులు. కురాజాంగ్ ఉత్తరం వైపు ఎకిడ్నా కాజమ్‌కు దగ్గర, వలార్డి దక్షిణం వైపు తేనెపట్టు కొండలకు దగ్గర. రెండు రాత్రులే ఉంటే వలార్డి తీసుకోండి. ఎకిడ్నాకు మధ్యాహ్నం పదకొండు, పన్నెండు గంటలకు వెళ్లాలి, రెండు గోడల మధ్య మనిషి పట్టేంత సందు, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడే ఎండ లోపలికి దిగి గోడలు కాలుతున్న బొగ్గుల్లా వెలుగుతాయి, పొద్దున వెళ్లినవాళ్లు "ఏముంది, చీకటి సందు" అంటారు. కతీడ్రల్ గార్జ్ మాత్రం పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు. నడక పోనూరానూ రెండు కిలోమీటర్లే. లోపల రాతి గుహ గోపురంలా వంగి ఉంటుంది, కింద ఇసుక, మధ్యలో చిన్న నీటి మడుగు. మా ఆవిడ అక్కడ కూర్చుని అన్నమయ్య కీర్తన ఒకటి నెమ్మదిగా ఎత్తుకుంది, సగంలో ఆపేసింది, ఆపాక కూడా ఒక క్షణం అది వినిపిస్తూనే ఉంది.

మరి అందరికీ ఎందుకు చెప్పను అంటే, దూరం, ఖర్చు, నడుము. మాకు అద్దె బండి రోజుకు 300 డాలర్లు దాటింది, పది రోజులు. డిస్క్ నొప్పి ఉన్నవాళ్లను, గర్భిణుల్ని, నాలుగేళ్లలోపు పిల్లల్ని ఆ 53 కిలోమీటర్ల మీద, పోనూ రానూ అంటే 106, తిప్పడం అన్యాయం. అలాంటివాళ్లతో అంత దూరం వచ్చి ఉంటే కునునుర్రా నుంచి చిన్న విమానంలో రెండు గంటల చుట్టు కొట్టించండి, లేక్ ఆర్గైల్ కూడా కనిపిస్తుంది. పై నుంచి చూస్తేనే ఆ తేనెపట్టులు ఎన్ని ఉన్నాయో తెలిసేది. కింద నడిస్తేనే ఎంత పెద్దవో తెలిసేది. రెండింట్లో ఒకటే అంటే నేను నడకనే ఎంచుకుంటాను, మా అత్తగారైతే విమానమే.

సొంత బండా, అద్దె బండా, టూరా

దీనిమీద జనం గంటలు వాదించుకుంటారు, నాకు మాత్రం పెద్ద చర్చ అనిపించదు. అవుట్‌బ్యాక్‌కు ఏడాదికి ఒకసారి వెళ్లడం కోసం లక్ష డాలర్ల బండి కొనకండి. అద్దెకు తీసుకోండి, కానీ ఒప్పందం కాగితం చదవండి. మామూలు అద్దె కార్లలో చాలావాటికి తారు లేని రోడ్డు ఎక్కితే ఇన్సూరెన్స్ పోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లు ఇచ్చేచోట కూడా వెళ్లకూడని రోడ్ల జాబితా ఉంటుంది, సింప్సన్ పేరు అందులో తరచుగా ఉంటుంది. నీళ్లలో మునిగితే, కింద భాగం దెబ్బతింటే, టైరు, అద్దం పోతే ఎవరు కడతారు, రాత్రి తోలొచ్చా అని విడివిడిగా అడగండి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. మాకు ఒకచోట ఫోన్‌లో "అన్నీ కవరే సార్" అన్నారు, కాగితంలో బండి కింద భాగం మొత్తం మినహాయింపు.

బండి తీసుకునేటప్పుడు రెండో స్పేర్ టైరు ఉందా, జాకీ ఎక్కడ పెడతారు, లో రేంజ్ ఎలా వేస్తారు అని అక్కడే వాళ్ల ముందే చేసి చూడండి. సిగ్గుపడితే ఏట్లో నేర్చుకోవాల్సి వస్తుంది, నాలాగా.

ఫోన్ సిగ్నల్ పామ్ వ్యాలీలో, బంగిల్ బంగిల్‌లో నమ్ముకోవద్దు. కొత్త ఐఫోన్లలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే వీలుంది, మంచిదే, కానీ నేను పీఎల్‌బీ అనే చిన్న బీకన్ కూడా పట్టుకెళ్తాను, నొక్కితే శాటిలైట్ ద్వారా మనం ఉన్న చోటు కాపాడేవాళ్లకు తెలుస్తుంది. ఒక్కసారి కొంటే నెలనెలా కట్టేది ఏమీ లేదు, ఆస్ట్రేలియన్ మారిటైమ్ సేఫ్టీ అథారిటీ దగ్గర ఉచితంగా రిజిస్టర్ చేసుకోవాలి, ప్రాణం మీదికొస్తేనే నొక్కాలి. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండండి. వెతికేవాళ్లకు పైనుంచి బండి కనిపిస్తుంది, నడిచిపోయే మనిషి కనిపించడు.

సింప్సన్: దాటడమా, అంచున ఆగడమా

ఇప్పుడు ఫొటోల్లో అందరికన్నా ఎక్కువ ఊరించేది. 2021లో సౌత్ ఆస్ట్రేలియా వైపు భాగాన్ని నేషనల్ పార్కు చేశారు, 36,000 చదరపు కిలోమీటర్లు, దేశంలోకెల్లా పెద్దది. దాని నిండా ఒకదానికొకటి సమాంతరంగా దువ్వెన పళ్లలా 1,100కు పైగా ఇసుక దిబ్బలు. పడమర నుంచి తూర్పుకు పోతే వాలు కాస్త మెల్లగా ఉంటుంది, అందుకే చాలామంది మౌంట్ డేర్ నుంచి మొదలుపెట్టి బర్డ్స్‌విల్లె దగ్గర బిగ్ రెడ్ అనే నలభై మీటర్ల దిబ్బతో ముగిస్తారు. మొదటిసారి కారులో దీన్ని దాటింది 1962లో రెగ్ స్ప్రిగ్ అనే జియాలజిస్ట్, భార్యాపిల్లలతో సహా. అది విని "కుటుంబంతో దాటాడట కదా" అనకండి, ఆయన ఆ ఎడారిని వృత్తిగా చదివిన మనిషి.

ఇక్కడ చివరి ముక్క పదహారు కాదు, 53 కాదు, మొత్తం దారే చివరి ముక్క. మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్లె దాకా ఫ్రెంచ్ లైన్ అనే ఇసుక దారి మీద దాదాపు 550 కిలోమీటర్లు, మధ్యలో పెట్రోల్ లేదు, నీళ్లు లేవు, ఊరు లేదు. హైవేలో వందకు 11 లీటర్లు తాగే డీజిల్ బండి ఇసుకలో 20 తాగుతుంది, అంటే 110, దానిమీద తిప్పలకు ఇంకో ముప్పై. పాత 150 సిరీస్ ప్రాడోలకు రెండు ట్యాంకులు కలిపి 150 లీటర్లు పట్టేవి, అందుకే ఈ దారిలో అవి అంతగా కనిపిస్తాయి. మనిషికి రోజుకు పది లీటర్ల నీళ్లు లెక్కేస్తే నలుగురికి ఐదు రోజులకు 200 లీటర్లు, రెండు క్వింటాళ్ల బరువు. పైన టెంటు, వెనక డీజిల్ డబ్బాలు. బండి మోయగల బరువు దాటిపోతుందని తూకం వేసేదాకా తెలీదు. ముందు భాగంలో జెండా కట్టాలి, నేల నుంచి మూడున్నర మీటర్ల ఎత్తున, దిబ్బ అవతల ఎదురొచ్చేవాడికి కనిపించడానికి. బళ్ల మధ్య మాట్లాడుకునే యూహెచ్‌ఎఫ్ రేడియోలో ఛానల్ 10. డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా పార్కు మూసేస్తారు, ఎండలకు.

మేం మూడు బళ్లలో, మూడు తెలుగు కుటుంబాలం, పోయినేడాదికి ముందు ఆగస్టులో బయల్దేరాం. ఊడ్నదట్ట దాటాక రాళ్ల రోడ్డు మీదే ఒక బండికి వెనక షాక్ అబ్జార్బర్ పగిలి నూనె కారింది. డల్‌హౌసీ స్ప్రింగ్స్ దగ్గర క్యాంపు వేసి రాత్రంతా మాట్లాడుకున్నాం. రెండు బళ్లలో పోదామా, ఆ బండివాళ్లు ఇక్కడ ఉంటారా, ఎవరి మనసూ ఒప్పలేదు. వెనక్కి తిరిగాం. దాని గురించి బాధ లేదు, ఎందుకంటే డల్‌హౌసీయే ఒక ట్రిప్పుకు సరిపోయే చోటు. ఎడారి మధ్యలో చెట్ల నీడన పెద్ద వేడినీళ్ల చెరువు, దాదాపు ఒంటి వేడి, భూమి అడుగున గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ నుంచి ఉబికే నీళ్లు. దిగి కదలకుండా ఉంటే చిటికెన వేలంత చేపలు వచ్చి కాలివేళ్లు కొరుకుతాయి. పొద్దున్నే బయట ఎముకలు కొరికే చలి, నీళ్ల మీద పొగ, మెడ దాకా మునిగి పదిమంది తెలుగువాళ్లం టీ గ్లాసులు ఒడ్డున పెట్టుకుని. సాయంత్రం అయ్యేసరికి దోమలు మాత్రం మన గోదావరి జిల్లాల్ని మించిపోయాయి.

కాబట్టి సింప్సన్ విషయంలో నా సలహా: కనీసం రెండు బళ్లు, రెండిట్లోనూ ఇసుకలో ముందే తోలిన మనిషి, అంతకుముందు ఇలాంటి రెండు ట్రిప్పులు చేసిన అనుభవం. ఈ మూడూ లేకపోతే డల్‌హౌసీ దాకా వెళ్లి రండి, ఇది విట్‌జిరా నేషనల్ పార్కులో ఉంది, దానికీ మంచి ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి, దానికీ మౌంట్ డేర్‌లో డీజిల్ నింపుకోవాలి. కానీ దిబ్బలు దాటే టెన్షన్ ఉండదు. వాన కురిస్తే దారులు రోజుల తరబడి మూసేస్తారు, మూసిన రోడ్డు మీద తోలితే జరిమానా, కాబట్టి ఆఫీసులో సెలవు రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి.

మొన్న మెల్‌బోర్న్ నుంచి ఒకతను ఫోన్ చేశాడు: జూన్ చివర్లో అమ్మానాన్న వస్తున్నారు, ఇద్దరికీ అరవై దాటాయి, నాన్నకు షుగర్, ఆరు రోజులే సెలవు, ఇంట్లో ఆర్‌ఏవీ4, బంగిల్ బంగిల్ వెళ్దామనుకుంటున్నాం అన్నా అని. వద్దన్నాను. ఆలిస్‌కి ఫ్లైట్ తీసుకుని, ఉలూరుకు మామూలు కారులో మూడు రోజులు, తిరిగొచ్చి పామ్ వ్యాలీకి ఒక రోజు టూర్ ట్రక్కు, ఆయన మందులు, బిస్కెట్లు చేతి సంచిలో ఉంచమన్నాను. ఆర్‌ఏవీ4 సెప్టెంబర్ స్కూలు సెలవుల్లో ఫ్లిండర్స్‌కి పనికొస్తుంది. "మరి ఫోర్ వీల్ డ్రైవ్ నేను తోలాలనుంది కదన్నా" అన్నాడు కొంచెం నీరసంగా. ఆలిస్‌లో ఇంకో రోజు మిగిలితే అద్దెకు తీసుకుని నువ్వొక్కడివే వెళ్లి ఏట్లో తోలుకో, గేజ్ మాత్రం కొనుక్కుపో అన్నాను.